బండి బోర్డు మీద ఎర్ర దీపం – ఆగాలా? సాగాలా?

కుక్కరు మూడు కూతలు వేసిందని మనం ఎప్పుడైనా వంటింట్లోంచి బయటికి పరుగెత్తామా? స్టవ్ తగ్గించి తాలింపు పని చూసుకుంటాం. అదే కుక్కరు కూత మానేసి, పక్కనుంచి బుస్సుమని ఆవిరి చిమ్మితే మాత్రం గబుక్కున గ్యాసు కట్టేసి దూరం జరుగుతాం. ఏది మామూలు కూతో, ఏది ప్రమాదమో ఇన్నేళ్ళ వంట మనకి నేర్పింది. మరి కొత్తగా కొన్న హైబ్రిడ్ కారులో, స్టీరింగు వెనక బోర్డు మీద ఉన్నట్టుండి ఓ దీపం వెలిగి, దాని పక్కన నాలుగు ఇంగ్లీషు ముక్కలు ప్రత్యక్షమైతే? అది కూతో బుసో ఎలా తెలిసేది?

ఈ సందేహం ఇప్పుడు చాలా ఇళ్ళలో ఉంది. పెద్ద ఎత్తున తయారైన మొదటి హైబ్రిడ్ కారు ప్రయస్‌ని టొయోటా వాళ్ళు జపాన్‌లో 1997లోనే అమ్మకానికి పెట్టారు. మన దేశానికి 2008లో హోండా సివిక్ హైబ్రిడ్, 2010లో ప్రయస్ వచ్చినా, వాటి ధర విని మనలాంటివాళ్ళం నమస్కారం పెట్టి ఊరుకున్నాం. 2022లో హోండా సిటీ, గ్రాండ్ విటారా, హైరైడర్, హైక్రాస్ – ఇవన్నీ హైబ్రిడ్‌లుగా వచ్చాక కథ మారింది. బి.హెచ్.ఇ.ఎల్. నుంచి పటాన్‌చెరు, ముత్తంగి, ఇస్నాపూర్, రుద్రారం మీదుగా సంగారెడ్డి దాకా బొంబాయి రోడ్డు మీద ఒక్క గంట నిలబడితే ఎన్ని కనిపిస్తాయో చూడండి. ఈ కారులో పెట్రోలు ఇంజనూ ఉంటుంది, కరెంటు మోటారూ ఉంటుంది. బ్రేకు వేసినప్పుడల్లా కాస్త కరెంటు పుట్టించి దాచుకుంటుంది. దీన్ని ప్లగ్గులో పెట్టి చార్జి చేసే పని లేదు. అందుకే లీటరుకి ఎక్కువ దూరం వస్తుంది, మన నెల బడ్జెట్టుకి ఊపిరొస్తుంది. అంతవరకూ బాగానే ఉంది.

మా పక్కింటావిడకి జరిగింది చెబుతాను, వినండి. ఆవిడ భర్తకి పాశమైలారంలో షిఫ్టు డ్యూటీ. లోపలికి సెల్‌ఫోను తీసుకెళ్ళనివ్వరు, గేటు దగ్గరే పెట్టాలి. ఆ రోజు సాయంత్రం ఆవిడ సంగారెడ్డిలో చెల్లెలింటి నుంచి ఇద్దరు పిల్లలతో కారులో తిరిగొస్తోంది. ఇస్నాపూర్ దగ్గర షిఫ్టు వదిలిన వేళ. బస్సులు, లారీలు, ఆటోలు, మోటారు సైకిళ్ళు – కదిలితే ఒట్టు. పాత మారుతి మీద డ్రైవింగు నేర్చుకున్న అలవాటు కొద్దీ గేరు న్యూట్రల్‌లో పెట్టి, పిల్లలు ఉక్కపోతంటున్నారని ఏసీ వేసి కూర్చుంది. అరగంట గడిచింది. టింగుమని ఒక మోత. బోర్డు మీద "ట్రాక్షన్ బ్యాటరీ నీడ్స్ టు బి ప్రొటెక్టెడ్. రిఫ్రెయిన్ ఫ్రమ్ ది యూజ్ ఆఫ్ ఎన్ పొజిషన్" అని అక్షరాలు.

బ్యాటరీని కాపాడాలి అన్నంత వరకే ఆవిడకి అర్థమైంది. బ్యాటరీ అంటే లక్షల మాట కదా! చెమటలు పట్టేశాయిట. మెల్లగా పక్కకి తీసి ఆపింది. ఈలోగా ఇద్దరు కుర్రాళ్ళొచ్చి, "అక్కా, ఏం పరేషాన్ గాకు, మా ట్రాలీకి తాడు కట్టి పటాన్‌చెరు దాకా గుంజుకపోతం" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు పాపం. కానీ ఆ తాడు కట్టి ఉంటే అప్పుడు నిజంగా లక్షల మాటే అయ్యేది.

ఎందుకో చెప్పేముందు, ఆ ఇంగ్లీషు వాక్యానికి అసలు అర్థం చెప్పేస్తాను. హైబ్రిడ్ కారు న్యూట్రల్‌లో ఉన్నంతసేపూ పెద్ద బ్యాటరీకి చార్జింగు ఎక్కదు, ఇంజను తిరుగుతున్నా సరే. ఏసీ మాత్రం అదే బ్యాటరీలోంచి కరెంటు తాగుతూ ఉంటుంది. ఆదాయం లేదు, ఖర్చు మాత్రం ఆగదు. కారు చెప్పిందల్లా ఇదే: "అమ్మా, న్యూట్రల్ వద్దు, నన్ను పార్కింగులో పెట్టు." ట్రాఫిక్కులో ఆగితే కాలు బ్రేకు మీద ఉంచి డి లోనే ఉండాలి. ఎక్కువసేపు అనుకుంటే పి లో పెట్టాలి. ఎన్ మాత్రం కాదు.

ఆవిడ తొమ్మిదో తరగతి కొడుకు ముందు అరలోంచి కారు పుస్తకం తీసి ఆ పేజీ వెతికి పట్టాడు. పి లో పెట్టి, రెడీ అన్న దీపం ఉండేలా చూసి కూర్చున్నారు. ఇంజను తనంతట తనే లేచింది. పదిహేను నిమిషాలకి అక్షరాలు మాయం. ఏడున్నరకల్లా ఇంటికొచ్చి ఉప్మా చేసుకున్నారు.

ఇక తాడు సంగతి. ఈ కార్లలో చాలావాటికి ముందు చక్రాలు కరెంటు మోటారుతో ముడిపడి ఉంటాయి. చక్రం తిరిగితే మోటారు తిరుగుతుంది, మోటారు తిరిగితే కరెంటు పుడుతుంది. బండి చెడిపోయి ఉన్నప్పుడు అలా పుట్టిన కరెంటు దారి తప్పితే వైరింగు కాలవచ్చు, నిప్పు కూడా పుట్టవచ్చు. పైగా కారు ఆగిపోయి ఉంటే స్టీరింగు రాయిలా బిగుస్తుంది, బ్రేకు బలమంతా పెట్టి తొక్కితేగాని పడదు. ఆ స్థితిలో లారీల మధ్య తాడు మీద వెళ్ళడం ఎంత ప్రమాదమో ఆలోచించండి. కారు మొత్తాన్ని ఎక్కించుకుపోయే చదునైన రికవరీ బండినో, ముందు చక్రాలు పైకెత్తి తీసుకెళ్ళే బండినో పిలవాలి. చాలా బీమా పాలసీల్లో ఈ సాయం చేర్చి ఉంటుంది. మీ పాలసీ కాగితం ఓసారి తీసి చూడండి, ఆ ఫోను నంబరు రాసి కారులో పెట్టండి. ఇంకో మాట, పాత బండిలా నలుగురు కలిసి తోస్తే హైబ్రిడ్ కారు స్టార్టు కాదు. ఆయాసం తప్ప ఏమీ రాదు.

రంగు చూడండి, తర్వాతే అక్షరాలు

ఇంగ్లీషు చదవలేకపోయానే అని చిన్నబుచ్చుకోకండి. ఆ బొమ్మలూ రంగులూ కంపెనీకో తీరుగా ఉండకూడదనే ఐ.ఎస్.ఓ. 2575 అని ప్రపంచం మొత్తానికీ ఒక ప్రమాణం పెట్టారు. ఆకుపచ్చా, నీలమూ అయితే కబురు మాత్రమే – ఫలానాది పనిచేస్తోంది అని. పసుపు అయితే, మెల్లగా ఇంటికెళ్ళి ఒకటి రెండు రోజుల్లో చూపించుకోమని. ఎరుపు అయితే, చోటు చూసుకుని ఆపమని. మన రోడ్డు మీది సిగ్నలు దీపాల తంతే.

ఎరుపుల్లో నాలుగింటిని మనం ముఖం చూసి గుర్తుపట్టాలి. అల్లావుద్దీన్ దీపంలా ఉండి మూతి నుంచి చుక్క కారుతుంటే ఇంజను ఆయిలు ఒత్తిడి పోయిందని. ఒక్క కిలోమీటరు కూడా వెళ్ళొద్దు. నీళ్ళలో నిలబెట్టిన థర్మామీటరులా ఉంటే వేడెక్కిందని. ఆపండి, కానీ బానెట్టు కింద మూత వెంటనే తిప్పకండి, కుక్కరు మూత సంగతి మీకు వేరే చెప్పాలా! గుండ్రంలో ఆశ్చర్యార్థకం ఉంటే బ్రేకుది. పార్కింగు బ్రేకు తీయడం మర్చిపోయారేమో ముందు చూసుకోండి, తీసినా ఆరకపోతే బండి కదపకండి. చిన్న పెట్టెమీద కూడిక, తీసివేత గుర్తులుంటే చార్జింగు వ్యవస్థది.

పసుపుల్లో ఒకటి మాత్రం పేరుకే పసుపు. ఇంజను బొమ్మ నిలకడగా వెలిగితే రేపు చూపించొచ్చు. అదే కొట్టుకుంటూ వెలిగితే – వెలిగి ఆరి, వెలిగి ఆరి – ఇంజను సరిగ్గా మండడం లేదని అర్థం. వేగం తగ్గించి ఆపేయడమే మంచిది.

మూడు మూలల పలక, మధ్యలో ఆశ్చర్యార్థకం కనిపిస్తే అది రోగం పేరు కాదు, "పక్కన రాసింది చదువు" అని వేలు చూపించడం. పాత ప్రయస్‌లలో ఈ ఎర్ర త్రికోణాన్ని చూసి అమెరికా వాళ్ళు సైతం హడలిపోయేవారు. 2005లో అయితే దీపాలన్నీ వెలిగి ఇంజను ఆగిపోతోందని 2004, 2005 మోడళ్ళ కార్లు అక్కడ సుమారు 75,000 వెనక్కి పిలిచి టొయోటా వాళ్ళు లోపలి కంప్యూటరు ప్రోగ్రామును సరిచేశారు. అంటే ఒక్కోసారి భాగాలన్నీ బాగానే ఉండి, వాటికి ఆజ్ఞలిచ్చే బుర్రే పొరపడుతుందన్నమాట. ఇంకా వెనక, తొలినాళ్ళ ప్రయస్‌లో బ్యాటరీ నీరసిస్తే బోర్డు మీద తాబేలు బొమ్మ వెలిగేదిట. నన్నడిగితే ఇన్ని ఇంగ్లీషు వాక్యాల కంటే ఆ తాబేలే నయం. పిల్లలకి కూడా తెలుస్తుంది.

ఇంటికి పెద్ద ఒకరు, తాళంచెవులు మరొకరి దగ్గర

హైబ్రిడ్‌లో రెండు బ్యాటరీలున్నాయని చాలామందికి తెలియదు. ఒకటి పెద్దది, బండిని నడిపేది. సుమారు 200 వోల్టులది కూడా ఉంటుంది, అంటే మన ఇంటి కరెంటుకి దగ్గర దగ్గర. రెండోది మామూలు కార్లలో ఉండే 12 వోల్టుల చిన్న బ్యాటరీయే. పెద్దదాన్ని నిద్రలేపి, కంప్యూటర్లన్నిటికీ ప్రాణం పోసేది ఈ చిన్నదే. బీరువా నిండా బంగారమున్నా తాళంచెవి అత్తగారి కొంగున ఉంటే ఏం లాభం? ఇదీ అంతే.

పాత కారులో ఈ చిన్న బ్యాటరీ బలహీనపడితే పొద్దున్నే స్టార్టు చేసేటప్పుడు 'గుర్ర్... గుర్ర్' అని మూలిగేది. వారం రోజుల ముందే మనకి తెలిసిపోయేది. హైబ్రిడ్‌లో ఇంజనుని తిప్పేది పెద్ద బ్యాటరీ కాబట్టి ఆ మూలుగుడు వినిపించదు. బదులుగా కంప్యూటర్లకి చాలినంత కరెంటు అందక తలోమాటా అంటాయి. బ్రేకు పాడైంది, స్టీరింగు పాడైంది, హెడ్‌లైట్లు పాడయ్యాయి, హైబ్రిడ్ సిస్టం పాడైంది – అన్నీ ఒక్కసారే! ఊరెళ్ళి పది పదిహేను రోజుల తర్వాత తిరిగొచ్చి బటను నొక్కగానే ఇలా పండగ దీపాల్లా అన్నీ వెలిగితే ముందుగా అనుమానించాల్సింది ఆ చిన్న బ్యాటరీనే. దాని ఖరీదు పెద్దదాని ముందు ఏ మూలకీ రాదు. "మొత్తం సిస్టమే పోయింది" అని ఎవరైనా అంటే, "ముందు 12 వోల్టుల బ్యాటరీ పరీక్ష చేయండి" అని ధైర్యంగా చెప్పండి.

ఈ బాధ రాకుండా ఉండాలంటే బండిని వారానికోసారైనా ఓ ముప్పావుగంట తిప్పాలి. ఊరెళితే పక్కింటివాళ్ళకి తాళం ఇచ్చి వెళ్ళండి, తులసికి నీళ్ళు పోయమన్నట్టే ఇదీ చెప్పండి. ఒకవేళ బ్యాటరీ దిగిపోయి వేరే కారు నుంచి కేబుళ్ళు తగిలించాల్సి వస్తే, ఎక్కడ తగిలించాలో పుస్తకంలో బొమ్మ చూశాకే చేయించండి. కొన్నిటిలో చిన్న బ్యాటరీ డిక్కీలో ఉంటుంది, కేబుళ్ళు వేసే చోటు మాత్రం బానెట్టు కింద ఉంటుంది.

పొలాలకి దగ్గరగా ఇళ్ళున్నవాళ్ళకి ఇంకో శత్రువు ఉంది – ఎలుక. కంది, రుద్రారం చుట్టుపక్కల కొత్త కాలనీల వాళ్ళు ఈ మాట బాగా ఒప్పుకుంటారు. చలికాలం రాత్రి వెచ్చగా ఉందని ఇంజను దగ్గర దూరి వైర్లు కొరికేస్తుంది. పొద్దున్నే వింత సందేశాలు. సర్వీసుకి ఇచ్చినప్పుడు వైర్లు ఓసారి చూడమని చెప్పడం మరవకండి.

మన దుమ్మూ, దాని ఊపిరీ

ఇప్పుడు ఈ ప్రాంతం వాళ్ళందరం ప్రత్యేకంగా తెలుసుకోవాల్సిన విషయానికొస్తాను. "మెయింటెనెన్స్ రిక్వయిర్డ్ ఫర్ ట్రాక్షన్ బ్యాటరీ కూలింగ్ పార్ట్స్" అని ఓ సందేశం ఉంది. చదివితే బ్యాటరీ పోయిందేమో అనిపిస్తుంది. పోలేదు. దానికి ఊపిరాడటం లేదు, అంతే.

పెద్ద బ్యాటరీ పనిచేసేటప్పుడు వేడెక్కుతుంది. చాలా మోడళ్ళలో దాన్ని చల్లబరిచేందుకు చిన్న ఫ్యాను, మనం కూర్చునే చోటునుంచే చల్లగాలి పీల్చి బ్యాటరీ మీదకి వదులుతుంది. అందుకోసం సీటు కిందో, పక్కనో ఓ జాలీ ఉంటుంది, దాని వెనక ఫిల్టరు. మోడల్ని బట్టి చోటు మారుతుంది, పుస్తకంలో బొమ్మ ఉంటుంది. ఇప్పుడు మన రోడ్లు తలచుకోండి. లక్డారం వైపు నుంచి వచ్చే కంకర లారీలు, ఫ్యాక్టరీల పక్క మట్టి దారులు, ఎండాకాలం లేచే సుడిగాలి. కిటికీ దించుకుని రెండు నెలలు తిరిగితే చాలు, ఆ ఫిల్టరు మన ఇంట్లో ఏసీ జాలీ ఎలా అట్టకడుతుందో అలా అట్టకట్టేస్తుంది. దీనికి తోడు మనం జాలీకి అడ్డంగా కూరగాయల సంచీ పెడతాం, పిల్లల స్కూలు బ్యాగు పడేస్తాం, పట్టుచీర కుచ్చిళ్ళు కప్పేస్తాం.

ఊపిరాడకపోతే ఫ్యాను హోరుమని అరుస్తుంది. అది మొదటి సూచన. తర్వాత ఈ సందేశం. అప్పటికీ పట్టించుకోకపోతే బండి తన బలం తానే తగ్గించుకుంటుంది. పచ్చిశనగపప్పు మరీ గట్టిగా రుబ్బితే మిక్సీ ఆగిపోయి కింద ఎర్ర బటను బయటికి వస్తుంది చూడండి, అలాంటి ఏర్పాటే. నెలల తరబడి అలాగే తిప్పితే మాత్రం బ్యాటరీ ఆయుష్షు నిజంగానే తరిగిపోతుంది. కూతని పట్టించుకోనందుకు బుస వస్తుంది.

పసుపులో ఈ సందేశం వస్తే భయపడి రోడ్డు మీద ఆగనక్కర్లేదు, కానీ ఆ వారంలోనే ఫిల్టరు శుభ్రం చేయించండి. మనమే చేయొచ్చని పుస్తకంలో ఉంటే, వాక్యూమ్ క్లీనరుతో పొడిగా దుమ్ము లాగేయండి. నీళ్ళు మాత్రం వద్దు. ఆ జాలీలోకి నీళ్ళు, టీ, పిల్లల జ్యూసు ఏదీ పోకూడదు. అలాగే బానెట్టు ఎత్తితే కమలాపండు రంగులో లావుపాటి వైర్లు కనిపిస్తాయి. ఆ రంగు వేయడమే "ముట్టుకోవద్దు" అని చెప్పడానికి. అందులో పారే కరెంటు ప్రాణాంతకం. రోడ్డు పక్క మెకానిక్ ఎంత తెలిసినవాడైనా, పంక్చరుకీ చిన్న బ్యాటరీకీ పిలవండి గాని ఆ వైర్ల జోలికి పోనివ్వకండి.

నిశ్శబ్దంగా ఉంటే ఆగినట్టు కాదు

అన్నిటికంటే నాకు ఎక్కువ భయం ఏ హెచ్చరికా కాదు, ఆకుపచ్చగా ప్రశాంతంగా కనిపించే "రెడీ" అన్న మాట. అది వెలుగుతోందంటే, చప్పుడు లేకపోయినా కారు నడవడానికి సిద్ధంగా ఉన్నట్టే. పిల్లవాడు ముందు సీట్లోకి ఎక్కి బ్రేకు తొక్కి గేరు లాగితే కదిలిపోతుంది. చప్పుడు లేదు కదా, ఆగిపోయిందనుకుని దిగి ఇంట్లోకి వెళ్ళిపోయేవాళ్ళున్నారు. ఆ తర్వాత బ్యాటరీ తగ్గగానే ఇంజను తనంతట తనే మొదలవుతుంది. తలుపులు మూసిన షెడ్డులోనైతే ఆ పొగ ఇంట్లోకి చేరుతుంది. దానిలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ లేదు, వాసనా లేదు. తాళంచెవి తిప్పే పనిలేని కార్లని ఇలా ఆపడం మరిచి, నిద్రలోనే ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళ గురించి 2018లో అమెరికాలో న్యూయార్క్ టైమ్స్ పత్రిక వివరంగా రాసింది. అందుకే దిగేముందు పి లో పెట్టడం, బటను నొక్కడం, బోర్డంతా చీకటైందని కళ్ళతో చూడటం – ఈ మూడూ గ్యాసు సిలిండరు రెగ్యులేటరు కట్టేసినంత అలవాటు కావాలి.

"ఈ.వీ. మోడ్ నాట్ అవైలబుల్" అని వస్తే పట్టించుకోకండి. ఇప్పుడు వట్టి కరెంటు మీద నడపలేను, ఇంజను వేస్తాను అంటోంది. రోగమేమీ కాదు. పెట్రోలు ముల్లు అడుక్కి వచ్చినా "బ్యాటరీ ఉందిగా" అని సాగదీయడం మాత్రం తప్పు. పెట్రోలు లేకుండా అది కొద్ది దూరమే పోతుంది, ఆ కొద్ది దూరంలో పెద్ద బ్యాటరీ కూడా ఖాళీ అయితే బంకు నుంచి సీసాలో తెచ్చి పోసినా లేవకపోవచ్చు.

సర్వీసుకి వెళ్ళినప్పుడు

సందేశం కనిపించగానే, బండి ఆపాక, సెల్‌ఫోనుతో ఫొటో తీసి ఉంచుకోండి. మీరు షోరూముకి వెళ్ళేసరికి అది మాయమైపోతుంది, "ఏమీ లేదమ్మా" అని పంపించేస్తారు. ప్రతి తప్పుకీ కంప్యూటరులో ఒక నంబరు నమోదవుతుంది. ఆ నంబరు ఏమిటో అడిగి జాబ్‌కార్డు మీద రాయించుకోండి. ఉదాహరణకి పి0ఎ80 అంటే పెద్ద బ్యాటరీ మార్చాలని కారు అభిప్రాయం. అదొచ్చినా వెంటనే తల ఊపకండి. బ్యాటరీలో ఏ బ్లాకు వోల్టేజి ఎంత ఉందో తెర మీద చూపించమనండి. కొన్నది టొయోటా గాని మారుతి గాని అయితే హైబ్రిడ్ బ్యాటరీకి 8 ఏళ్ళు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఉంటుంది, ఏది ముందైతే అది. సర్వీసు రసీదులు పసుపు కుంకాల్లా జాగ్రత్త చేయండి. బయట ఎవరైనా బ్యాటరీ తీగ పీకి పెట్టి "లైటు ఆర్పేసినమ్మా" అంటే ఆరింది దీపమేగాని జబ్బు కాదు. పైగా లోపలున్న ఆ నంబరు కూడా చెరిగిపోయి, అసలు చోట రోగం పట్టుకోవడం కష్టమవుతుంది.

మా పక్కింటావిడ ఆ తర్వాత ఆదివారం బండి సర్వీసుకి ఇచ్చింది. పనిలో పనిగా సీటు పక్క జాలీ కూడా విప్పించింది. బూడిదరంగు దుమ్ము అట్టలు అట్టలుగా వచ్చిందిట. దానితోపాటు చిన్నమ్మాయి హెయిర్ పిన్నులు రెండు, ఓ చాక్లెట్ కాగితం, పోయిన ఏడాది రుద్రారం గణేశ్‌గడ్డ గుళ్ళో కారుకి పూజ చేయించినప్పటి ఎండిన బంతిరేకులు గుప్పెడు.